సైకిలెక్కిన ఇస్త్రీ మడత

ఇస్త్రీ చేసిన బట్టకు ఆయుష్షు ఎంతసేపో ఎప్పుడైనా లెక్క వేశారా? బీరువాలో ఉన్నంతసేపూ అది చిరంజీవే. బయటికి వచ్చిన దగ్గర్నుంచీ దానికి గండాలు మొదలవుతాయి. కారులో వెళ్ళే చీరకు సీటు గండం. ఆటోలో వెళ్ళే చీరకు దుమ్ము గండం. బస్సులో వెళ్ళే చీర సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇక సైకిలు మీద వెళ్ళే చీరకైతే గొలుసు గండం, చక్రం గండం, చెమట గండం, వాన గండం. ఇన్నీ గడిచి ఎలాగో గమ్యం చేరితే, "ఏమిటమ్మా, అలా నలిపేసుకొచ్చావ్?" అని అడిగే మనిషి ఒకరు గుమ్మంలోనే ఎదురవుతారు. అది అన్నిటికంటే పెద్ద గండం.

ఈ రోజుల్లో సైకిలు మీద ఉద్యోగానికి ఎవరు వెడుతున్నారండీ అంటారేమో! ఒకసారి పొద్దున్న తొమ్మిదింటికి మా బేగంపేట వచ్చి గ్రీన్‌ల్యాండ్స్ చౌరస్తాలో నిలబడి చూడండి. 2017 నవంబరు నుంచి మాకు నెత్తిమీద మెట్రో రైలు పరుగెడుతూనే ఉంది. కింద కార్లు మాత్రం ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడే ఉన్నాయి. ఆ కార్ల వరసకూ కాలిబాటకూ మధ్య మూరెడు జాగా ఉంటుంది చూడండి, అందులోంచి వెడుతుంటాయి సైకిళ్ళు. రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్ ఒకాయన. అపార్టుమెంట్లలో వంటకు వెళ్ళే ఆవిడ. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటరు కోర్సులు చదివే కుర్రాళ్ళు. వాళ్ళలో ఎవరికైనా ఆ రోజు ఇంటర్వ్యూ ఉందనుకోండి, మనకు ఇట్టే తెలిసిపోతుంది. ఒంటిమీద టీషర్టు ఉంటుంది. వెనక కారియరు మీద మాత్రం తెల్లచొక్కా ఒకటి పసిపిల్లలా పడుకుని ఉంటుంది.

ఈ బాధ కొత్తదేం కాదు. మా నాన్నగారు గుమాస్తాగిరీ అంతా సైకిలు మీదే చేశారు. ఇల్లు కదిలేముందు కుడికాలి ప్యాంటు అంచు మడిచి ఒక స్టీలు క్లిప్పు తగిలించేవారు, గొలుసు నూనె అంటకుండా. ఆఫీసు గేటు దగ్గర ఆ క్లిప్పు తీసి జేబులో వేసుకుంటే గానీ ఆయన గుమాస్తా అయ్యేవారు కాదు. చొక్కాలకు మా అమ్మ ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, పట్టకారుతో చెంబు అంచు పట్టుకుని ఇస్త్రీ చేసేది. ప్యాంటు అయితే రాత్రి మడత సరిచూసి పరుపు కింద పెట్టేది. పొద్దున్నకల్లా కత్తిలాంటి మడత! అంటే నాన్నగారి ఉద్యోగానికి కావలసిన ఇస్త్రీ ఆయన నిద్రలోనే జరిగిపోయేదన్నమాట. అమ్మ నిద్ర సంగతి ఎవరూ అడగలేదు. 'ఇస్త్రీ'లో 'స్త్రీ' ఉందని ఎవరైనా చమత్కరిస్తే నాకు నవ్వు రాదు, ఎందుకంటే అది చమత్కారం కాదు, ఉన్న మాటే.

అసలు బట్ట ఎందుకు నలుగుతుంది? నూలు దారానికి తడీ, వేడీ రెండూ తగిలితే లోపలి కట్లు సడలుతాయట. అప్పుడు ఎలా వంచితే అలా వంగి, ఆరిన తర్వాత అదే ఆకారంలో బిగుసుకుపోతుంది. ఇస్త్రీపెట్టె చేసే పని అదే. చెమట పట్టిన వీపు చేసే పనీ అదే! పెట్టె తిన్నగా చేస్తుంది, వీపు వంకరగా చేస్తుంది, అంతే తేడా. హైదరాబాదులో ఈవేళ ఇన్ని డిగ్రీలు అని వార్తల్లో చెబుతారే, ఆ అంకె వచ్చేది మా బేగంపేట వాతావరణ కేంద్రం నుంచే. మే నెలలో ఆ అంకె నలభై దాటిన రోజున, మంచి చొక్కాను సంచిలో కుక్కి వీపుకు తగిలించుకుని సైకిలు తొక్కిన కుర్రాడి గతి ఏమిటో మీరే ఊహించుకోండి.

ఈ విషయంలో పండితులెవరయ్యా అంటే నేను మా వీధి చివర ఇస్త్రీ బండి అక్క పేరు చెబుతాను. ఆవిడ ఇస్త్రీ చేస్తుంది. ఆవిడ భర్త ఆ బట్టలు సైకిలు మీద ఇంటింటికీ చేరుస్తాడు. ఒక్కో విడతకు ముప్ఫై నలభై బట్టలు. గోతులూ గతుకులూ ఉన్న మా సందుల్లోంచి వచ్చి తలుపు కొట్టి ఇస్తే ఒక్క ముడత ఉండదు. రహస్యం ఏమిటని అడిగాను.

"బట్ట మడత కాడ నలగదమ్మా, ఖాళీ ఉన్నకాడ నలుగుతది," అంది ఆవిడ. "కదిలితేనే ముడత. కదలకుండ కట్టాలె. గంతే."

గంతే అంది గానీ, ఆ గంతేలో బోలెడు శాస్త్రం ఉంది. మీ ఇంట్లో సైకిలెక్కే పిల్లలుంటే పనికొస్తుంది, వినండి. ఇస్త్రీ వేడి మీద బట్టను మడవకూడదు. పూర్తిగా చల్లారనివ్వాలి. వేడిమీద ప్లాస్టిక్ కవర్లో పెట్టామంటే లోపల ఆవిరి పట్టి చేసిన పనంతా దండగ. చొక్కాకు పైన ఒక బొత్తాం, మధ్యన ఒకటి, కింద ఒకటి పెట్టి బోర్లా పరచాలి. దాని మీద పరీక్ష అట్ట పెట్టి, చేతులు వెనక్కి మడిచి, చొక్కాను ఆ అట్ట చుట్టూ తిప్పాలి. పిల్లలు పరీక్షలకు పట్టుకుపోయే అట్టే, ఉద్యోగ పరీక్షకూ అదే! కాలరు చదునవకుండా దాని లోపల నడుం బెల్టు చుట్ట చుట్టి పెట్టాలి. ప్యాంటు కుట్టు మీద కుట్టు కలిపి, మడత వచ్చేచోట న్యూస్‌పేపరు చుట్ట ఒకటి ఉంచితే అక్కడ గీత పడదు. అంతా కలిపి పాత నూలు పంచెలో గట్టిగా చుట్టి కారియరు మీద చదునుగా కట్టాలి. పైన వానకు ఒక ప్లాస్టిక్ కవరు. టిఫిను డబ్బా, నీళ్ళ సీసా, బూట్లు ఇందులో కలపనే కూడదు, వాటి సంచి హ్యాండిలుకు. వీపు మీద మాత్రం ఏమీ వద్దు.

మరి చీర? చీరకు ఈ అక్క చేసే ఏర్పాటు చూసి నేను ముక్కున వేలేసుకున్నాను. కుచ్చిళ్ళు ముందే అమర్చి, క్లిప్పులు పెట్టి, వాటి మీదే ఇస్త్రీ చేస్తుంది. పమిట కూడా మనిషి కొలతకు మడతలు పెట్టి పిన్ను గుచ్చి తొక్కేస్తుంది. ఇప్పుడు పెళ్ళిళ్ళకు ఇలా చీరలు సిద్ధం చేసివ్వడం పట్నంలో పెద్ద వ్యాపారమే అయింది. అలా మడిచిన చీర పరీక్ష అట్ట మీద పుస్తకంలా కూర్చుంటుంది. విప్పి, నడుముకు చుట్టి, కుచ్చిళ్ళు దోపి, పమిట వేసుకోవడమే. గడియారం చూసి చెబుతున్నాను, నాలుగు నిమిషాలు.

ఆవిడ ఈ విద్య నేర్చుకుంది పెళ్ళికూతుళ్ళ కోసం కాదు, కూతురి కోసం. ఆ అమ్మాయి ఇంటరు చదివి, అమీర్‌పేటలో చీరలూ రెడీమేడు దుస్తులూ అమ్మే ఒక పెద్ద షోరూములో చేరింది. అక్కడ అమ్మే పిల్లలందరికీ ఒకే రంగు చీర. షాపువాళ్ళే రెండు చీరలిస్తారు. పదిన్నరకు షాపు తెరిచేసరికి కుచ్చిళ్ళు కదలకుండా, పమిట జారకుండా, చెమట బొట్టు లేకుండా కౌంటరు వెనక నిలబడాలి. వాళ్ళ ఇంటినుంచి షాపుకు మూడు కిలోమీటర్లు. ఆ అమ్మాయికి ఇంటరులో కొనిపెట్టిన సైకిలుంది.

"ఆడవాళ్ళకు బస్సు ఉచితమే కదమ్మా, 2023 డిసెంబరు నుంచి! సైకిలెందుకు?" అన్నాను.

"బస్సుల పోతే చీర ఇస్త్రీ కాదు ఆంటీ, నా ఇస్త్రీ కూడ పోతది," అని నవ్వింది. ఆ వేళకు వచ్చే బస్సుల్లో జనం సంగతి నాకూ తెలుసు గనక నేనూ నవ్వాను. "పైగా రాత్రి షాపు మూసేసరికి పది అయితది. బస్సు కోసం ఒక్కదాన్నే నిలబడాలె. సైకిలైతే ఎవరి కోసం ఆగక్కర్లేదు."

మొదట్లో చీర కట్టుకునే తొక్కింది. చీరకూ సైకిలుకూ పడదని కాదు. తమిళనాడులో పుదుక్కోట జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాది ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు, చీరలతోనే, పరికిణీ ఓణీలతోనే. అయితే వాళ్ళు చేరినచోట కుచ్చిళ్ళు లెక్కపెట్టే మేనేజరు లేడు. ఈ అమ్మాయికేమో బేగంపేట ఫ్లైఓవరు ఎత్తు ఎక్కేసరికే చీర సగం ప్రాణం పోయేది. అందుకని చుడీదారులో తొక్కుతూ వెళ్ళి, తల్లి మడిచిచ్చిన చీర అక్కడ కట్టుకోవడం మొదలుపెట్టింది.

అక్కడ అంటే ఎక్కడ? ఇదండీ అసలు ప్రశ్న!

ఆ షోరూములో అంతస్తుకు మూడు చొప్పున ట్రయల్ రూములున్నాయి. నిలువుటద్దం, కొక్కేలు, కూర్చోడానికి మెత్తటి స్టూలు. కానీ అవి కొనేవాళ్ళకు. అమ్మే పిల్లలు ఇంటినుంచే తయారై రావాలని అక్కడి నియమం. ఇక మిగిలింది మెట్ల కింద బాత్‌రూము. నేల ఎప్పుడూ తడి. తడినేల మీద నిలబడి అయిదున్నర గజాల చీర కట్టడం ఎలాంటిదో మనకు ఒకరు చెప్పాలా? పక్కసందులో ఫాల్సు, పీకో కుట్టే ఆవిడ ఒకావిడ జాలిపడి మిషను వెనక తెర చాటున కట్టుకోనిచ్చేది. మొన్న శ్రావణమాసంలో ఒక శుక్రవారం ఆవిడ కొట్టు తెరవలేదు, ఇంట్లో వ్రతం. ఆ పిల్ల బాత్‌రూములోనే కట్టుకుంది. కుచ్చిళ్ళ అంచు జానెడు తడిసింది. "ఇలా కౌంటరు దగ్గర నిలబడతావా? వెనక గోడౌన్లోకి వెళ్ళి చీరలు మడత పెట్టు," అన్నారట. శ్రావణ శుక్రవారం బేరం అంటే ఏడాదిలో పెద్ద బేరం. అమ్మిన చీరకు ఇంత అని వచ్చే ఇన్సెంటివు ఆ రోజు మొత్తం పోయింది. సాయంత్రం బండి దగ్గర తల్లి ఆ సంగతి చెబుతూ, ఎవరిదో పట్టుచీర మీద చాలాసేపు ఒక్కచోటే పెట్టె తిప్పుతూ ఉండిపోయింది.

ఆడదీ, సైకిలూ, బట్టా, చోటూ - ఈ నాలుగింటి తగాదా మన అమీర్‌పేటలో పుట్టింది కాదు. 1895లో లండనులో ఆలిస్ బైగ్రేవ్ అనే దర్జీ ఒకావిడ సైకిలు తొక్కే ఆడవాళ్ళకోసం ఒక లంగా కనిపెట్టి పేటెంటు తీసుకుంది. కుట్ల లోపల తాళ్ళూ, చిన్న కప్పీలూ. తాడు లాగితే లంగా పైకి, వదిలితే కిందకు. సైకిలెక్కినప్పుడు ఒక మనిషి, దిగితే మర్యాదస్తురాలు! ఆ సర్దుబాటు తనకక్కర్లేదని లేడీ హార్బర్టన్ అనే ఆవిడ వదులు లాగూలోనే సైకిలు తొక్కుకుంటూ 1898లో సర్రే ప్రాంతంలో ఒక హోటలుకు వెళ్ళింది. ఆ వేషంతో కాఫీ గదిలోకి రానివ్వనని హోటలు యజమానురాలు మరో గది చూపించింది. సైకిలు సంఘంవారు కోర్టుకు వెళ్ళారు. 1899లో కేసు ఓడిపోయారు. వేరే గది చూపించింది కదా, పొమ్మనలేదు కదా అన్నది హోటలుకు పనికొచ్చింది. చూశారా, ఆనాటి లేడీగారికీ ఈనాటి మా ఇస్త్రీ అక్క కూతురికీ తగాదా ఒక్క గది దగ్గరే!

మన చట్టాలు బట్టల సంగతి పట్టించుకోలేదని కూడా అనలేం. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన ఉంది. మోటారు సైకిలు వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో చిక్కుకోకుండా సగం చక్రానికి తక్కువ కాకుండా కప్పే ఏర్పాటు ఉండాలి అంటుంది. మనం చీర గార్డు అంటామే, అదే. సంతోషం. కానీ అది వెనక కూర్చున్న చీర కోసం. తనంతట తాను తొక్కుకుంటూ వెళ్ళే చీరను ఎవరు తలుచుకున్నారు? అలాగే 1948 ఫ్యాక్టరీల చట్టంలో 43వ సెక్షను రాసినవాళ్ళు, పనివేళల్లో వేసుకోని బట్టలు పెట్టుకోడానికీ, తడిసినవి ఆరేసుకోడానికీ తగిన చోటు ఉండాలని ప్రభుత్వాలు నియమం చేయవచ్చన్నారు. ఎంత చక్కటి ఆలోచన! మిషను ముందు నిలబడే మనిషికి తోచిన ఆ కొక్కెం, చీరల కౌంటరు ముందు నిలబడే మనిషి కోసం ఆనాడు వాళ్ళకు తోచలేదు.

ఇంకో చిత్రం చెబుతాను. పుచ్చలపల్లి సుందరయ్యగారు రాజ్యసభ సభ్యులుగా ఉన్న 1950లలో పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారని మనం పిల్లలకు కథలాగా చెప్పుకుంటాం. తర్వాత ఇక్కడ అసెంబ్లీకి కూడా అలాగే వెళ్ళేవారు. చెప్పుకోవలసిన మాటే, ఆ నిరాడంబరతకు చేతులెత్తి మొక్కాలి. సైకిలు దిగి వచ్చిన ఆయన బట్టలో ముడత ఉందా అని ఎవరూ వంగి చూసి ఉండరు, చూసినా ఆ ముడత కూడా ఆయన గొప్పతనంలో భాగమే అయ్యుండేది. అదే సైకిలు, అదే ముడత షాపులో అమ్మే పిల్ల మీద కనబడితే దాని పేరు అశుభ్రం. బేరాలు చెడిపోతాయన్న భయం. ముడత ఒకటే, కట్టుకున్న మనిషిని బట్టి పేరు మారుతుంది.

శుభ్రంగా రావద్దని నేననడం లేదు. చక్కగా కట్టుకున్న చీరంటే నాకూ ప్రాణమే. కొనడానికి వెళితే ఎదురుగా ముచ్చటగా నిలబడ్డ పిల్లనే ముందు పలకరిస్తాను. కానీ నలగని చీర కావాలనుకున్నవాళ్ళు అది ఎలా నలగకుండా వస్తుందో కూడా కాస్త ఆలోచించాలి కదా! మడత తల్లి పెట్టింది. మోత కూతురు మోసింది. ఇక మిగిలింది నాలుగడుగుల పొడినేల, ఒక కొక్కెం. అది మాత్రం వాళ్ళింటి నుంచి కారియరు మీద కట్టి తెచ్చుకునే వస్తువు కాదు.

తర్వాత ఏమైందంటారా? ఆ గోడౌను శుక్రవారం అయ్యాక ఏడుగురు పిల్లలు కలిసి మేనేజరు దగ్గరకు వెళ్ళారు. అందులో సైకిలు మీద వచ్చేది ఈ పిల్ల ఒక్కతే. మిగతావాళ్ళు బస్సుల్లో, షేరాటోల్లో నలిగేవాళ్ళు. "ట్రయల్ రూములు షాపు తెరిచేదాకా ఖాళీయే కదా సార్, పదింబావు దాకా మాకివ్వండి," అన్నారట. అంతకంటే గొప్ప ఉపన్యాసమేమీ లేదు. ఆయన తల గోక్కుని, పైవాళ్ళను అడిగి, మూడో రోజున ఒక అంతస్తు గదులు మాత్రం సరేనన్నారు. బట్టల సంచులు పెట్టుకోడానికి చోటు ఇంకా లేదు. వేసుకొచ్చిన చుడీదార్లు బిల్లు కౌంటరు కింద అట్టపెట్టెలో ఉంటున్నాయి. రాత్రి పదింటికి ఆ పిల్ల తొక్కుకొచ్చే చుడీదారుకు ఎన్ని ముడతలున్నా అడిగేవాళ్ళెవరూ లేరు లెండి.

దసరాలు వస్తున్నాయి. మనందరం చీరలకు బయలుదేరతాం. గంటసేపు కూర్చుని వంద చీరలు విప్పించి, రంగు వెలిసిపోతుందా, జరీ నిలుస్తుందా, ఫాల్సు వేసిస్తారా అని అన్నీ అడుగుతాం, అడగడంలో మనకు సాటి ఎవరు? వాటితో పాటు ఇంకొక్క మాట కూడా అడగండి. "మీ అమ్మాయిలు చీర ఎక్కడ మార్చుకుంటారండీ?" బేరమాడే గొంతుతోనే అడగండి, ఆ గొంతంటేనే షాపువాళ్ళకు భయం.